త్రిభుజం ఎక్కలేకపోతున్నాను మేడమ్! – ఈ నెల ఉత్తరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదింటిని పక్కన పెట్టుకున్నాను. రాసినవాళ్ళకి ఒకరికొకరు తెలియదు. ఒకరిది కనిగిరి వైపు పల్లెటూరు, ఇంకొకరు అమెరికాలో మనవరాలిని చూసుకుంటున్నారు. అయినా దాదాపు అందరిదీ ఒకటే దిగులు. "నేను ఎదగాల్సినంత ఎదగలేదు" అనో, "మావాడు ఎదగాల్సినంత ఎదగట్లేదు" అనో. నేను ముప్పై ఒక్క ఏళ్ళు బీఎడ్ పిల్లలకి సైకాలజీ చెప్పి రిటైరైనదాన్ని. ఈ ఎదుగుదల అన్న మాట నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాసి చెరిపానో లెక్కలేదు. అందుకే జవాబులు కాస్త పొడుగయ్యాయి. సంపాదకులు విసుక్కోకుండా ఒక పేజీ ఎక్కువ ఇచ్చారు.

ప్రశ్న: మేడమ్, నా వయసు 29. బీఎడ్ చేశాను, టెట్ పాసయ్యాను, డీఎస్సీలో రెండుసార్లు కొద్దిలో పోయింది. మా తాత, నాన్న పద్యనాటకాలు ఆడేవాళ్ళు. నేనూ కృష్ణుడి వేషం వేస్తాను. తిరునాళ్ళకి, శ్రీరామనవమికి పిలుస్తారు, డబ్బు పెద్దగా రాదు. "ముందు ఉద్యోగం, తర్వాతే వేషాలు" అంటాడు నాన్న. మనిషి అవసరాలని మెట్లుగా చూపించే సైకాలజిస్టు మాస్లో త్రిభుజంలో ఉన్నదీ అదే కదా, కింది మెట్టు నిండకుండా పై మెట్టు ఎక్కకూడదని? ఈ మధ్య హార్మోనియం వినపడితేనే ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్‌గా ఉంటోంది.
– ఒక పాఠకుడు, కనిగిరి దగ్గర

జవాబు: బాబూ, ముందుగా ఒక సంగతి చెప్పాలి. ఆ త్రిభుజం మాస్లో గీసింది కాదు.

నేనూ ముప్పై ఒక్క ఏళ్ళు రంగు సుద్దముక్కలతో ఆ బొమ్మ గీశాను. అడుగున ఆకలి, నిద్ర, ఆపైన భద్రత, ఆపైన ప్రేమ, ఆపైన గౌరవం, కొసన ఆత్మ సాక్షాత్కారం, అంటే తనలోని శక్తిని పూర్తిగా వాడుకోవడం. కొసకి పసుపు రంగు వాడేదాన్ని, అందంగా ఉంటుందని. మాస్లో 1943లో 'సైకలాజికల్ రివ్యూ' పత్రికలో రాసిన అసలు వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది మాత్రం రిటైరయ్యాకే. సిగ్గుపడాల్సిన విషయమే, ఒప్పుకుంటున్నాను. ఆ వ్యాసంలో బొమ్మ లేదు. 1960లో ఛార్లెస్ మెక్‌డెర్మిడ్ అనే కన్సల్టింగ్ సైకాలజిస్టు ఉద్యోగులతో బాగా పని చేయించుకోవడం ఎలాగో మేనేజర్లకి చెబుతూ ఒక వ్యాపార పత్రికలో దాన్ని వేశాడు. ముగ్గురు పరిశోధకులు ఈ బొమ్మ పుట్టుక వెతుక్కుంటూ వెళ్ళి, 2019లో ఆ సంగతి బయటపెట్టారు. అంటే మీ గుండెల మీద కూర్చున్న ఆ త్రిభుజం ఆఫీసు మేనేజర్ల కోసం తయారైంది. కృష్ణుడి వేషగాడిని దృష్టిలో పెట్టుకుని ఎవరూ గీయలేదు.

ఆ వ్యాసంలో మాస్లో ఒక అవసరం నూటికి నూరు పాళ్ళు తీరాకే ఇంకొకటి మొదలవుతుందని అనుకోవడం పొరపాటని తనే హెచ్చరించాడు. ఊరికే ఉదాహరణకి కొన్ని అంకెలు కూడా ఇచ్చాడు. ఒక మామూలు మనిషికి శరీర అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, ఆత్మ సాక్షాత్కారం 10 శాతం తీరి ఉండొచ్చు అని. ఇవి కొలిచి చెప్పిన లెక్కలు కావు, మనకి అర్థం కావడానికి వేసినవి. అన్నీ ఒకేసారి, తలా కొంత తీరుతూ ఉంటాయన్నది ఆయన మాట. మా అమ్మమ్మ వంటింట్లో నాలుగు పొయ్యిలుండేవి. అన్నం ఉడికేదాకా చారు పెట్టకుండా కూర్చునేది కాదు ఆవిడ.

ఇంకో చోట అచ్చంగా మీ గురించే రాసినట్టుంటుంది. కొందరికి సృజన అన్నది కింది అవసరాలు తీరాక పుట్టేది కాదట. అవి తీరకపోయినా, ఆ కొరత ఉండగానే బయటికి తన్నుకొస్తుందట. పస్తులుండి పద్యం పాడినవాళ్ళు మీ వంశంలోనే ఉంటారు, మీ తాతగారి కబుర్లు గుర్తు చేసుకోండి.

ఇవన్నీ చెప్పి "ఉద్యోగం వదిలేయ్ నాయనా" అంటున్నానని నాన్నగారితో చెప్పకండి. ఆయన భయం నిజమైనది. వేషాలు వేసిన మనిషి కాబట్టే, తెల్లారుజామున నాలుగింటికి రంగు కడుక్కుని ఇంటికొస్తే చేతిలో ఎంత మిగులుతుందో ఆయనకి మీకంటే బాగా తెలుసు. మాస్లోకీ ఇలాంటి తండ్రే ఉన్నాడు. రష్యా నుంచి న్యూయార్క్‌కి వలస వచ్చిన యూదు కుటుంబం, బ్రూక్లిన్‌లో ఏడుగురు పిల్లలు, ఈయనే పెద్దవాడు. కొడుకు లాయరవ్వాలని తండ్రి ఆశ. కుర్రాడు లా చదువులో చేరి, మనసు పట్టక వదిలేశాడు. ఇరవై ఏళ్ళకే పెళ్ళి చేసుకున్నాడు, అదీ కజిన్‌ని. విస్కాన్సిన్ యూనివర్సిటీలో కోతుల మీద పరిశోధన చేశాడు. త్రిభుజం లెక్కన చూస్తే ఆయన ఏ మెట్టూ వరసలో ఎక్కలేదు.

నేను అడిగేది ఒక్కటే. హార్మోనియం వినపడినప్పుడు వచ్చే ఆ తప్పు చేసిన భావం మీదేనా, నాన్నగారిదా? డీఎస్సీ చదువు మానకండి, నాటకమూ మానకండి. పరీక్ష నెల మాత్రం తిరునాళ్ళ వాళ్ళకి ముందే చెప్పేయండి. అన్నట్టు, టెట్‌లో మళ్ళీ ఆ బిట్టు వస్తే నేను చెప్పినవేవీ గుర్తు పెట్టుకోకుండా త్రిభుజం ప్రకారమే గుర్తించండి. మార్కు దానికే వేస్తారు.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. హాస్టల్‌లో ఉంటాడు. మేము ఏ లోటూ చేయలేదు. ఏసీ క్యాంపస్ కావాలంటే అప్పు చేసి కట్టాము. పేరెంట్స్ మీటింగ్‌లో సార్లంతా "వాడికి చాలా పొటెన్షియల్ ఉంది, వాడుకోవట్లేదు" అంటారు. ఆదివారం ఫోను చేస్తే పది నిమిషాలు కూడా మాట్లాడడు. కిందటివారం "అమ్మా, వీక్లీ టెస్ట్ మార్కులు చెప్పేశాగా, ఇక పెట్టెయ్యనా?" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడిలో ఉన్న ప్రతిభ బయటికి రావాలంటే నేనేం చెయ్యాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, మీకు నిద్ర పట్టకుండా చేసిన ఆ మాటనే పట్టుకుందాం. మీ ఉత్తరం మొత్తంలో మీ అబ్బాయి గొంతు వినపడింది ఆ ఒక్క వాక్యంలోనే.

కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1928 నుంచి పన్నెండేళ్ళు అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్ళో, చిక్కుల్లో ఉన్న పిల్లల కోసం నడిచే ఒక సంస్థలో పనిచేశాడు. అక్కడ జరిగిందొకటి ఆయనే తర్వాత రాసుకున్నాడు. అల్లరి పిల్లవాడొకడు. తల్లి తెలివైనదే. చిన్నప్పుడు తల్లి వాడిని దూరం పెట్టడమే ఈ గొడవంతటికీ మూలమని రోజర్స్‌కి స్పష్టంగా కనపడుతోంది. ఆ సంగతి ఆవిడ చేతే ఒప్పించాలని ఎన్నో వారాలు ప్రయత్నించాడు. మెల్లగా అడిగాడు, ఆధారాలు ఒక్కొక్కటిగా ముందు పెట్టాడు. ఏమీ కదల్లేదు. చివరికి "మన వల్ల కావట్లేదు, ఆపేద్దాం" అన్నాడు. ఆవిడా సరే అంది. చేయి కలిపి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అడిగింది: ఇక్కడ పెద్దవాళ్ళకి కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని. చేస్తామన్నాడు. అయితే నాకు సాయం కావాలి అంటూ, అప్పుడే లేచిన కుర్చీలోకి తిరిగొచ్చి కూర్చుని తన కాపురం గురించి, మొగుడితో పడలేకపోవడం గురించి, తను ఓడిపోయానన్న బాధ గురించి చెప్పడం మొదలుపెట్టింది. అంతకు ముందు చెప్పిన 'కేసు వివరాలకీ' దీనికీ పొంతనే లేదు. అసలు పని ఆ రోజు మొదలైందంటాడు రోజర్స్. ఎక్కడ నొప్పిగా ఉందో నొప్పి పడుతున్న మనిషికే తెలుసు, దారి చూపించేదీ వాళ్ళే అని ఆయనకి బోధపడింది అక్కడ.

ఈ కథ నేను క్లాసులో ఏటా చెప్పేదాన్ని. చెప్పినంత మాత్రాన వంటబట్టదు. నాకు వంటబట్టిన రోజు వేరే ఉంది.

1994లో కౌన్సెలింగ్ డిప్లొమా చేస్తున్నాను. ఎవరితోనైనా మాట్లాడి, వాళ్ళ అనుమతితో రికార్డు చేసి, రాసి ఇవ్వాలి. రికార్డు చేసి నేర్చుకునే ఈ పద్ధతిని మొదలుపెట్టినవాళ్ళలో ముందువరసలో ఉన్నదీ రోజర్సే. టేపులు లేని రోజుల్లో గ్రామఫోను ప్లేట్ల మీద రికార్డు చేయించేవాడు. ఒక మనిషితో జరిగిన ఎనిమిది సిట్టింగుల్లో మాట్లాడుకున్నదంతా పొల్లు పోకుండా 1942లో పుస్తకంలో అచ్చువేశాడు. సరే, నా సంగతికొస్తాను. మా కాలేజీలో హాస్టల్ అమ్మాయి ఒకతె క్లాసులకి సరిగా రావట్లేదు. పిలిచి, ఒప్పించి, బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టి మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాననుకున్నాను. రాత్రి వంటయ్యాక, కాగితం పెన్ను పెట్టుకుని వినడం మొదలుపెట్టాను.

ఇరవై రెండు నిమిషాల టేపు. అందులో ఆ అమ్మాయి గొంతు ఐదు నిమిషాలు కూడా లేదు. మిగతాదంతా నేనే. మూడుసార్లు ఆ పిల్ల "ఇంటికి వెళ్ళాలనిపించట్లేదు మేడమ్" అంది. మొదటిసారి అన్నప్పుడు నేను "అటెండెన్స్ ఎంత శాతం ఉంది?" అని అడిగాను. రెండోసారి "ఇంట్లోవాళ్ళు నీకోసం ఎంత కష్టపడుతున్నారో ఆలోచించావా?" అన్నాను. మూడోసారి ఆ పిల్ల గొంతు బాగా తగ్గింది, వెనక్కి తిప్పి రెండుసార్లు వింటేగానీ మాట తెలియలేదు. దానికి నా జవాబు, "సరే, రేపట్నుంచి టైంటేబుల్ వేసుకుందాం."

పెన్ను పక్కన పెట్టేసి కూర్చుండిపోయాను. మర్నాడు హాస్టల్‌కి నేనే వెళ్ళాను, టేప్ రికార్డర్ లేకుండా. ఆ అమ్మాయి ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అటెండెన్స్‌కి దానితో ఏ సంబంధమూ లేదు, అంతవరకు చెప్పగలను. డిప్లొమాకి ఇంకొకరితో మాట్లాడి రాసిచ్చాను. ఆ క్యాసెట్ మీద తర్వాత మా ఆయన అన్నమయ్య కీర్తనలు ఎక్కించేశారు, అదీ మంచికే అయింది.

మీ ఆదివారం ఫోను గురించి ఎందుకింత ఉపోద్ఘాతమో మీకీపాటికి అర్థమై ఉంటుంది. వాడు మార్కులు చెప్పి ఫోను పెట్టేస్తానన్నది పొగరుతో అయ్యుండకపోవచ్చు. మీకు కావలసింది అదే అనుకుంటున్నాడు, ఇచ్చేశాడు, పని అయిపోయింది. రోజర్స్ దీన్ని షరతుల మీద దొరికే విలువ అంటాడు. ఫలానా విధంగా ఉంటేనే నన్ను ఇష్టపడతారు అని పిల్లవాడికి ఎక్కడో ఎక్కుతుంది. ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు. ర్యాంకు వచ్చిన వారం మీ గొంతులో ఉత్సాహం, రాని వారం "పర్లేదులే" అనేముందు అరక్షణం ఆగడం, అవి చాలు. అప్పుడు వాడు తనకేమనిపిస్తోందో చూసుకోవడం మానేసి, మీకేమనిపిస్తుందో చూసుకుంటూ బతకడం నేర్చుకుంటాడు. బాగా మార్కులొచ్చే పిల్లలు ఈ విద్యలో మరీ ఆరితేరి ఉంటారు. ఎదుగుదల ఆగేది అక్కడే అంటాడాయన. సార్లు చెప్పే 'పొటెన్షియల్' ఆయన భాషలో ర్యాంకు కానే కాదు.

మీకు ఒక అనుమానం వస్తుంది, ప్రతి తల్లీ అడిగేదే. షరతులు లేకుండా చూసుకోమంటే ఏం చేసినా ఊరుకోమనా? కాదమ్మా. రేపు వాడు "పరీక్ష రాయను" అన్నాడనుకోండి. "రాయకపోవడానికి నేను ఒప్పుకోను" అని మీరనొచ్చు. ఆ వెంటనే "ఈ వయసులో నీకు విసుగేమిటిరా" అంటేనే గొడవ. విసుగు వాడిది. అది ఉందో లేదో మీరు తేల్చలేరు. "అంత విసుగొచ్చిందా, చెప్పు" అని ఊరుకోవాలి. ఆ తర్వాత వచ్చే మౌనం మనవాళ్ళకి భరించరానిది. ఫోనులో అయితే "హలో, ఉన్నావా?" అంటాం. అనకండి. ఉంటాడు.

ఒక నెల మార్కుల మాట మీరుగా ఎత్తకండి. కాలేజీ వాళ్ళు మీ ఫోనుకి మెసేజ్ పంపుతూనే ఉంటారు కదా. వాడు అన్న మాటనే చిలకలా తిరిగి అనే పద్ధతి యూట్యూబ్‌లో చూసి ఉంటే అదీ వద్దు. తన పద్ధతిని జనం ఆ చిలక పలుకుల స్థాయికి దించేశారని రోజర్స్ కూడా బాధపడ్డాడు. మెస్‌లో ఏం పెట్టారు, పక్క మంచం వాడు ఎవరు, అలాంటివి మాట్లాడండి. మొదటి రెండు ఆదివారాలు వాడే "మార్కులు అడగవేంటి?" అని అనుమానంగా అడుగుతాడు. అంతగా అలవాటు పడిపోయాడు మరి.

ఒక విషయంలో మాత్రం నేను రోజర్స్‌తో పూర్తిగా ఏకీభవించను. మనస్ఫూర్తిగా అర్థం చేసుకోవడం, షరతుల్లేని ఆదరణ, మనం లోపల ఒకటి పైకి ఒకటి కాకుండా ఉండడం, ఇవి ఉంటే చాలు మనిషి మారతాడని 1957లో రాశాడు. అవసరం అన్నంతవరకు ఒప్పుకుంటాను. చాలు అనడం మాత్రం ఫీజు కట్టడానికి అప్పు చేసిన ఇంట్లో కుదరదు. ఆ అప్పు సంగతి వాడికి తెలుసా? తెలిస్తే వాడి మీద అది ఎంత బరువుగా ఉందో మీరు ఎప్పుడైనా అడిగారా?

ఇంకొక్కటి. నిద్ర, తిండి బాగా తగ్గినా, బతకాలని లేదన్న అర్థం వచ్చే మాట ఒక్కటి అన్నా, పై కబుర్లన్నీ పక్కన పెట్టి వెంటనే వెళ్ళి తీసుకొచ్చేయండి, డాక్టరుకి చూపించండి. 14416 టెలీ మానస్ నంబరు, ఫోను ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: రెండు రోజుల వర్క్‌షాప్, పదిహేను వేలు. "మీలోని పూర్తి శక్తిని వెలికితీస్తాం, మాస్లో సైంటిఫిక్ పద్ధతి" అని కరపత్రం. చేరమంటారా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పూర్తి స్థాయికి ఎదిగిన మనుషుల కోసం మాస్లో మూడు వేల మంది కాలేజీ విద్యార్థులను వడపోశాడు. వెంటనే పనికొచ్చేవాళ్ళు దొరికింది ఒక్కరు. చివరికి లింకన్, ఐన్‌స్టీన్, ఎలినార్ రూజ్‌వెల్ట్ లాంటివాళ్ళ మీదా, తనకి తెలిసిన కొందరి మీదా ఆధారపడ్డాడు. ఎవరిని తీసుకోవాలో తనే నిర్ణయించి, వాళ్ళలో ఏం గొప్పో తనే చెప్పాడు కాబట్టి దాన్ని గట్టి సైన్సు అనడానికి నాకు నోరు రాదు, ఆయనంటే ఇష్టం ఉన్నా సరే. రెండు రోజుల్లో హాలుకి హాలునే శిఖరం ఎక్కించేవాళ్ళు ఆయన్ని మించిన ఘనులు. పదిహేను వేలు ఉంచుకోండి.

ప్రశ్న: అమ్మా, నేను విశ్రాంత ఉద్యోగిని, వయసు 71. మీ శీర్షికలో 'ఆత్మ సాక్షాత్కారం' అనే మాట తరచు వాడుతున్నారు. మన పెద్దలు చెప్పిన ఆత్మ సాక్షాత్కారం, ఈ సైకాలజీ వాళ్ళు చెప్పేదీ ఒకటేనా? ప్రవచనాల్లో వేరుగా విన్నాను.
– ఒక పాఠకులు, అమలాపురం

జవాబు: అయ్యా, మీరు పట్టుకున్నది నిజం. ఆ తెలుగు మాటతోనే చిక్కు. వేదాంతం చెప్పేది 'నేను' అనేదాన్ని దాటిపోవడం. వీళ్ళు చెప్పేది లోపల ఉన్న శక్తి పనిలోకి రావడం. అనువాదం చేసినవాళ్ళు బరువైన మాట కోసం వెతికి దీన్ని తగిలించారు, క్లాసులో నేనూ అలాగే వాడేశాను. జీవితం చివర్లో మాస్లో కూడా తనని తాను దాటడం గురించి రాశాడు, అది మీరు విన్నదానికి కొంచెం దగ్గరగా వస్తుంది.

మాట పుట్టిన చోటు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మాస్లో 'సెల్ఫ్ యాక్చువలైజేషన్' అన్న ఆ అసలు మాటని కుర్ట్ గోల్డ్‌స్టీన్ అనే జర్మన్ డాక్టరు దగ్గర తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకి దెబ్బలు తగిలిన సైనికులకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో వైద్యం చేసినాయన. మెదడులో కొంత భాగం పోయిన మనిషి మిగిలినదానితోనే బతుకుని మళ్ళీ సర్దుకోవడం ఆయన రోజూ చూశాడు. కొందరు తమ వస్తువులు అంగుళం కదలనిచ్చేవారు కాదట. ఎక్కడిదక్కడ ఉంటేనే వాళ్ళకి లోకం చేతిలో ఉన్నట్టు. చూసేవాళ్ళకి అది చాదస్తం. గోల్డ్‌స్టీన్ మాత్రం మిగిలిన శక్తితో మనిషి తన పని తాను చేసుకునే తీరు అదేనన్నాడు. గొప్పవాళ్ళ గురించి కాదు, దెబ్బతిన్నవాళ్ళని చూస్తూ పుట్టిన మాట అది. శిఖరం, పసుపు సుద్దముక్క, పదిహేను వేల వర్క్‌షాపు అన్నీ తర్వాత వచ్చి చేరాయి. మీకు ఇంకా మంచి తెలుగు మాట తోస్తే రాసి పంపండి, వచ్చే నెల నుంచి అదే వాడతాను.

ప్రశ్న: (చేత్తో రాసిన మూడు పేజీల ఉత్తరం. కుదించి వేస్తున్నాను.) నేను తెలుగు పండితురాలిగా పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయికి పాప పుట్టిందని నేపర్‌విల్ వచ్చి ఐదు నెలలైంది. షికాగో పక్కనే. కారు నడపలేను. బయట మంచు. అమ్మాయీ అల్లుడూ మంచివాళ్ళే, బేస్‌మెంట్‌లో నాకో గది వేశారు. "అమ్మా, నీలో ఇంత టాలెంట్ ఉంది, ఏదో ఒకటి చేసుకో, యూట్యూబ్ ఛానల్ పెట్టుకో" అంటుంది అమ్మాయి. నాకు ఏదీ చేయాలనిపించదు. ముప్పై ఐదేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఇప్పుడు ఎందుకూ పనికిరాను అనిపిస్తోంది. ఇంక ఎదిగేదేముంది?
– ఒక టీచరు, ఇల్లినాయ్

జవాబు: టీచరుగారూ, పైన విజయవాడ తల్లికి చెప్పిన రోజర్స్ మీకు దాదాపు ఇరుగుపొరుగు. 1902లో షికాగో ఆనుకుని ఉన్న ఓక్ పార్క్‌లో పుట్టాడు. పన్నెండేళ్ళప్పుడు కుటుంబం పొలానికి మారింది. ఆ పొలం గ్లెన్ ఎలిన్ దగ్గర. అల్లుడుగారిని అడగండి, కారులో ఎంతో దూరం ఉండదు. రాత్రిపూట ఎగిరే పెద్ద పెద్ద చిమ్మటలను పట్టి, వాటి గుడ్లూ గొంగళ్ళూ పెంచుతూ పెరిగాడు అక్కడ. కాలేజీలో ముందు చదివింది వ్యవసాయమే.

మీ ఉత్తరంలో బేస్‌మెంట్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. రోజర్స్ చిన్నప్పుడు వాళ్ళింట్లో శీతాకాలానికి సరిపడా బంగాళాదుంపలు బేస్‌మెంట్‌లోనే ఒక పెట్టెలో పోసేవాళ్ళట. పైన ఎక్కడో కొన్ని అడుగుల ఎత్తున చిన్న కిటికీ. మట్టి లేదు, నీళ్ళు లేవు, చలి. అయినా ఆ దుంపలు మొలకలు వేసేవి. వసంతంలో మట్టిలో వేస్తే వచ్చే ఆకుపచ్చ మొలకలు కావు. పాలిపోయి, తెల్లగా, సన్నగా ఉండేవి. రెండు మూడు అడుగులు సాగి ఆ కిటికీ వైపుకే పోయేవట. అవి మొక్కలు కాలేవు, కాయలు కాయలేవు. ముసలితనంలో ఆయన ఈ దుంపల గురించి రాస్తూ, పిచ్చాసుపత్రుల వెనక వార్డుల్లో చూసిన మనుషులతో మాట్లాడేటప్పుడు ఈ మొలకలే గుర్తొస్తాయన్నాడు. వాళ్ళు చేసేవి మనకి వంకరగా కనపడతాయి, వాళ్ళ మటుకు వాళ్ళు వెలుతురు ఉందనుకున్న వైపుకి పాకుతున్నారు అని. మా ఇంట్లో మంచం కింద మరిచిపోయిన కందగడ్డ కూడా ఇదే పని చేస్తుంది. ఊడ్చేటప్పుడు చీపురుకి తగిలేదాకా మనం చూడం.

మీరు ఎందుకూ పనికిరానని మూడు పేజీలు రాశారు. ఛానల్ పెట్టుకోమని నేను అననులెండి. అమ్మాయి ప్రేమతోనే అంటోంది, కానీ అదీ ఒక రకం ర్యాంకే. మాస్లోకి తెలిసిన ఒక బీద ఇల్లాలు ఉండేది, చదువు లేదు, ఇల్లూ పిల్లలే లోకం. ఆవిడని చూశాకే ఆయన, రెండో రకం బొమ్మ వేయడం కంటే మొదటి రకం సూపు కాయడంలోనే ఎక్కువ సృజన ఉందన్నాడు. మీరు పెట్టే చారు గురించి నాకు తెలియదు గనక ఆ సంగతి వదిలేస్తాను.

నేను అడగదలుచుకున్నది మీ రెండో పేజీ వెనక వైపు గురించి. అక్కడ అమ్మాయి ఇల్లు తుడిపించడం కష్టంగా ఉందని రాస్తూ, ఒక్క వాక్యం ఫిర్యాదులా రాసి పోయారు. ఎదురింటి కరీంనగర్ వాళ్ళబ్బాయి, ఏడేళ్ళవాడు, ప్రతి శనివారం మంచు బూట్లతో తిన్నగా బేస్‌మెంట్‌లోకి దిగి కార్పెట్ అంతా తడిపేస్తాడనీ, కిటికీ అద్దం మీద ఆవిరి పట్టిన చోట మీ చేత వేలితో అక్షరాలు రాయించుకుంటాడనీ, కిందటివారం "బండి ఱ ఎవరూ వాడనప్పుడు ఎందుకు ఉంచారు బామ్మా?" అని ప్రాణం తీశాడనీ రాశారు. ఆ తర్వాత వాక్యం మళ్ళీ వాక్యూమ్ క్లీనర్ గురించే.

ఇంతకీ బండి ఱ గురించి వాడికి మీరేం చెప్పారు? అది రాయనే లేదు.